పాట పైకెళ్ళే చోట

ఉమ ఆంటీ ఫోన్ చేసేసరికి నేనూ జయపాలూ దుప్పటితో కుస్తీ పడుతున్నాం. ఈ దేశంలో పరుపు మీద వేసే దుప్పటికి నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉంటుంది. ఒక మూల తొడిగితే ఎదుటి మూల ఊడొస్తుంది. పెళ్ళయి నాలుగు నెలలు, నేను అమెరికాలోని ఈ డబ్లిన్ ఊరికి వచ్చి పదకొండు వారాలు. నాలుగు మూలలూ ఒకేసారి నిలబడ్డ శనివారం మాకింకా రాలేదు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"హంసికా, గుడ్ న్యూస్ అమ్మా! వీబీఎస్‌కి నీ పాటే ఫైనల్ చేశాం. కమిటీలో ఐదుగురికి ఐదుగురూ ఓకే అన్నారు."

నా చేతిలో మూల వదిలేశాను. అది ఎగిరి వెళ్ళి జయపాల్ మొహానికి తగిలింది. దుప్పటి ముసుగులోంచే "కంగ్రాట్స్" అన్నాడు.

"ఏ పాటాంటీ? 'నీ పక్కన చోటుందా' పాటేనా?" అని అడిగాను. నేను పంపింది ఆ ఒక్కటే. అయినా ఆవిడ నోటితో ఆ పేరు వినాలనిపించింది.

"అదే తల్లీ. నిన్న మా చిన్నది బాత్‌రూంలో కూడా అదే పాడుతోంది."

వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి వారం రోజులు పెట్టే బైబిలు బడి. పాటలు, కథలు, రంగు కాగితాలు, మధ్యలో జ్యూసు డబ్బాలు. ఆదివారం ప్రార్థనకి కలిసే మా తెలుగు సహవాసానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు మాకిస్తారు, అయిదింటికల్లా కుర్చీలు సర్ది వచ్చేయాలి. జూన్‌లో ఒక్క వారం మాత్రం పొద్దుటిపూట కూడా మాదే. మా పిల్లలతో పాటు చుట్టుపక్కల తెలుగు వాళ్ళ పిల్లలు కూడా వస్తారు. కొందరు యేసయ్య కోసం, కొందరు తెలుగు కోసం, కొందరు అమ్మానాన్నలకి ఆఫీసుంది కాబట్టి. ఏటా ఒక అంశం, దాని మీద ఒక పాట ఉంటాయి. ఆ ఏడాది అంశం 'దయ'.

పాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మా పై ఫ్లాట్‌లో భవిత అని సెకండ్ గ్రేడ్ పిల్ల ఉంది. ఒకరోజు మెట్ల మీద కూర్చుని చెప్పింది: "ఆంటీ, మా క్లాస్‌కి న్యూ గర్ల్ వచ్చింది. లంచ్‌లో నా దగ్గరికి వచ్చి, నీ పక్కన చోటుందా అని అడిగింది." ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగే ఉంటుంది. భవిత నాకోసం తెలుగు చేసింది. అన్నం ఉడికేలోపు పాట అయిపోయింది.

*నీ పక్కన చోటుందా, నేనొచ్చి కూర్చోనా?*
*నా డబ్బాలో రెండున్నై, నీకొకటి ఇచ్చేయనా?*
*యేసయ్యా, యేసయ్యా, నువ్విట్లాగే చేశావుగా!*

*ఎవరో కింద పడ్డారు, నేనొంగి లేపనా?*
*ఏడుస్తుంటే కన్నీళ్ళు నా చేత్తో తుడవనా?*

ఎమ్మే తెలుగు చదివినదానివి ఇంతేనా రాయడం అని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను. ఎవరూ అనలేదు. కానీ ఫోన్‌లో ఇంకా ఏదో మిగిలినట్టనిపించింది.

"సత్యానందం అంకుల్ ఏమన్నారాంటీ?"

అటువైపు కాసేపు గిన్నెల చప్పుడు.

"అదే... ఆయనకింకా చెప్పలేదమ్మా."

సత్యానందం అంకుల్ శాన్ రామన్‌లో కూతురు అంకిత దగ్గర ఉంటారు. తొమ్మిదేళ్ళుగా వీబీఎస్ పాట ఆయనదే. ఎవరూ అడగరు, ఆయనే రాసి తెస్తారు. కిందటేడు పిల్లలు ఆయన పాటకి పెదాలు కదిపారు గానీ నోళ్ళు తెరవలేదట. పాట అర్థమేమిటని ఒక తల్లి అడిగితే, టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. అందుకే ఈసారి ఎవరైనా పంపొచ్చని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆయన ఆ గ్రూపులో ఉన్నారు, మ్యూట్ చేసి.

"మరి ఎవరు చెప్తారాంటీ?"

"నువ్వే చెప్తే బావుంటుందని అనుకున్నాం. నీకు మాటలు బాగా వచ్చు కదా, రైటర్‌వి."

ఫోన్ పెట్టేశాక జయపాల్ దుప్పటిలోంచి తల బయటపెట్టాడు.

"రైటర్‌వి అయిన రెండు నిమిషాలకే పోస్ట్‌మన్ ఉద్యోగం కూడా వచ్చింది, చూశావా?"

వట్టి పరుపు మీద ఎక్కి ఇద్దరం గెంతాం. కింద ఫ్లాట్ వాళ్ళు కప్పు తట్టేదాకా గెంతాం. గెంతుతూనే ఆలోచిస్తున్నాను. నా మొదటి పాట ఒక పెద్దాయన నోరు మూయించి పుట్టకూడదు. ఆయన అలిగి సహవాసం మానేస్తే, దయ గురించి పాట రాసి నేను చేసిన పని అదవుతుంది.

మర్నాడు ఆదివారం అంకుల్ నన్ను చూసి "వందనాలమ్మా, ఎప్పుడొస్తారు మా ఇంటికి?" అన్నారు. వచ్చే శనివారం అన్నాను.

వెళ్ళాం. ఉల్లిపాయ పకోడీలు ఆయనే వేశారు. నేను ఇంట్లో జయపాల్‌ని నువ్వంటాను, అంకుల్ ముందు మీరంటాను. "మీరు తినండి" అన్నప్పుడల్లా జయపాల్‌కి పొలమారింది.

చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. ఆయన ఆ లోపలే పచ్చ అట్ట రిజిస్టరు తెచ్చారు.

"ఈ ఏటి పాట అయిపోయిందమ్మా. మోహన రాగం, ఆది తాళం. వినండి."

*దయాగుణభూషితులమై ధరణియందు చరింతుము*
*దీనజన పరితాపహరణ దివ్యపథము గాంచుదుము...*

గొంతు గంభీరంగా ఉంది. రాగం అందంగా ఉంది. కానీ ఎమ్మే తెలుగు నేనే రెండో చరణం దగ్గర కొంచెం వెనకబడ్డాను.

"పిల్లలకి ఈ మాటలు అర్థమవుతాయంటారా అంకుల్?"

"దేవుడి సన్నిధికి లుంగీ కట్టుకుని వెళ్తామా అమ్మా? మాటని కూడా ఇస్త్రీ చేసే తీసుకెళ్ళాలి." జయపాల్ వైపు తిరిగారు. "ఏమంటావు బాబూ?"

"అద్భుతం అంకుల్" అన్నాడు నా మొగుడు. కాలు తొక్కాను. "నిజంగా అద్భుతం" అన్నాడు.

నేను ఇంకో పకోడీ తీసుకున్నాను. ఆయనే మాట మార్చారు. డ్రైవింగ్ వచ్చా అని అడిగారు. పర్మిట్ వచ్చింది గానీ జయపాల్ పక్కన కూర్చుంటే ఇద్దరం పోట్లాడుకుంటున్నాం అన్నాను.

"మంగళవారం వస్తాను, నేను నేర్పిస్తా. తాడేపల్లిగూడెం డిపోలో పాతికేళ్ళు ఆర్టీసీ డ్రైవర్లకి ట్రైనింగ్ ఇచ్చినవాణ్ణి. ఇక్కడ లైసెన్సు మొదటి టెస్టులోనే కొట్టాను. టెస్టు పెట్టిన అమ్మాయి సీటు బెల్టు పెట్టుకోకుండా కూర్చుంటే నేనే చెప్పాను."

తిరుగు ప్రయాణంలో జయపాల్ నవ్వాపుకోలేకపోయాడు. "చెప్పి రమ్మంటే ఆయన పకోడీలు తిని, పాట విని, డ్రైవింగ్ స్కూల్లో చేరి వచ్చావు."

"అద్భుతం అన్నదెవరు?"

"పకోడీల గురించి అన్నాను."

మంగళవారాలు జయపాల్‌కి ఇంటి నుంచే ఆఫీసు. పెళ్ళిలో నాకు ఉంగరం టక్కున తొడిగినవాడు, కారు తాళం ఇవ్వడానికి మాత్రం మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంకుల్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి, నా పక్కన కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"పరలోకమందున్న తండ్రీ, ఈ అమ్మాయిని, ఈ బండిని, ఎదురొచ్చే వాళ్ళందర్నీ కాపాడు. ఆమేన్. ఇప్పుడు తాళం తిప్పు."

మా ఇంటి వెనక సందుల్లోంచి నెమ్మదిగా చర్చి దాకా తీసుకెళ్ళాను. మంగళవారం పొద్దున్న అక్కడ పార్కింగ్ లాట్ అంతా ఖాళీ. తెల్ల గీతలు, ఒక స్టాప్ బోర్డు, కంచె అవతల కొండ మీద ఎండిపోతున్న బంగారు రంగు గడ్డి. నాలుగు చుట్లు తిప్పించారు. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తప్పు చేస్తే "ఊఁ" అన్నారు, సరిగ్గా చేస్తే "ఊఁఊఁ" అన్నారు. ఆ రెండో ఊఁ కోసం నేను ప్రాణం పెట్టి నడిపాను.

అయిదో చుట్టులో స్టాప్ బోర్డు దగ్గర ఆగినప్పుడు ముందుకి చూస్తూనే చెప్పేశాను.

"అంకుల్, ఈసారి వీబీఎస్‌కి మీ పాట కాదు. నేనొకటి పంపాను. అది తీసుకున్నారు. పోయిన శనివారమే చెప్పాలి మీకు. చెప్పలేకపోయాను."

బ్రేకు మీదున్న కాలు తియ్యలేదు. 

"ఎడమ పక్క చూశావా?" అన్నారు.

"చూశాను."

"కుడి పక్క?"

"చూశాను."

"మరి పోనివ్వు."

పోనిచ్చాను. రెండు చుట్లు ఒక్క ఊఁ కూడా లేదు. తర్వాత చెట్టు నీడలో ఆపించారు.

"ఏదీ, పాడు నీ పాట."

స్టీరింగ్ పట్టుకునే పాడాను. ఏ మాటకి ఏ యాక్షనో చేతులతో చూపించబోయి, సీటు బెల్టుతో కుదరక నోటితో చెప్పాను. ఇక్కడ కూర్చుంటారు, ఇక్కడ డబ్బా తీస్తారు, ఇక్కడ వంగుతారు. ఆయన వేళ్ళతో డాష్‌బోర్డు మీద తాళం వేస్తున్నారు. చరణంలో ఒకచోట వేళ్ళు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

"బాగుందమ్మా" అన్నారు. అంతే.

ఇంటి ముందు దిగి, తను నడుపుకొచ్చిన అంకిత కారెక్కి వెళ్ళిపోయారు. జయపాల్ బయటికి పరిగెత్తుకొచ్చి ముందు కారు చుట్టూ తిరిగి చూసి, తర్వాత నా మొహం చూశాడు. "చెప్పేశావా?" అన్నాడు. తలూపాను. గీత పడని కారుని కూడా పొగడకుండా నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ ఆదివారం అంకుల్ రాలేదు. మోకాలు నొప్పి అంది అంకిత. పై ఆదివారమూ రాలేదు. ఎప్పుడూ మూడో వరసలో గోడ పక్కన కూర్చుంటారు. ఆ కుర్చీలో ఎవరో పిల్లాడి బ్యాగు పెట్టారు. ఉమ ఆంటీ నా దగ్గరికి వచ్చి "నువ్వు మంచిగానే చెప్పావు కదా?" అంది. మంచిగానే చెప్పాననుకున్నాను. ఫోన్ చేస్తే అంకిత ఎత్తింది. "డాడీ పడుకున్నారు హంసికా. ఈ మధ్య రాయడం కూడా లేదు. ఇంక చాలు, వయసైపోయింది అంటున్నారు. నువ్వేం ఫీలవ్వకు."

ఫీలవ్వకుండా ఎలా ఉంటాను? మరుసటి మంగళవారం జయపాల్ పక్కన కూర్చుని నేర్పించాడు. మేం అస్సలు పోట్లాడుకోలేదు. అదే బాగాలేదు.

వీబీఎస్ సోమవారం మొదలు. ముందు శనివారం పొద్దున్న హాలు అడిగి తీసుకుని ఆఖరి రిహార్సల్ పెట్టాం. ముప్పై నాలుగు మంది పిల్లలు, పసుపు టీషర్టులు. కీబోర్డు దగ్గర ఉమ ఆంటీ, ముందు నిలబడి నేను. పల్లవి ఎంత బాగా వచ్చిందంటే, వెనక కుర్చీలు వేస్తున్న జయపాల్ ఒక కుర్చీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 'నా డబ్బాలో రెండున్నై' దగ్గర ముప్పై నాలుగు చేతులు ముప్పై నాలుగు కనపడని డబ్బాల్లోకి వెళ్ళాయి.

చరణం వచ్చింది. 'ఎవరో కింద పడ్డారు.' బాగుంది. 'నేనొంగి లేపనా.' అందరూ నేలదాకా వంగారు. పాట మాయమైపోయింది. ఎవరో రేడియో కట్టేసినట్టు. అందరూ లేచి నిలబడ్డాక 'ఏడుస్తుంటే' దగ్గర మళ్ళీ వినపడింది.

"లౌడ్‌గా కిడ్స్, లౌడ్‌గా!" అంది ఉమ ఆంటీ.

మళ్ళీ వంగారు. మళ్ళీ పాట లేదు. మూడోసారి, నాలుగోసారి. అయిదోసారికి హర్షిత్ అనే పిల్లాడు వంగినవాడు వంగినట్టే బోర్లాపడి నవ్వడం మొదలుపెట్టాడు. వాడి వెనక వరస మొత్తం పడింది.

భవిత మాత్రం నిలబడి ఉంది. "ఆంటీ, నేను మంచిగనే ట్రై చేస్తున్నా. వంగితే నా వాయిస్ పోతది."

నేను ఇంట్లో పాట రాసినప్పుడు అద్దం ముందు నిలబడి రాగం పాడాను. యాక్షన్లు వేరే రోజు సోఫా మీద కూర్చుని అనుకున్నాను. రెండూ కలిపి ఒక్క పిల్ల చేత కూడా చేయించి చూడలేదు. ఉమ ఆంటీ పక్కకి పిలిచింది.

"టైం లేదు హంసికా. యాక్షన్స్ తీసేద్దామా? లేకపోతే ఏదో ఒక ఇంగ్లీష్ సాంగ్ వీడియో పెట్టేద్దాం, పిల్లలు హ్యాపీ."

వెనక్కి వెళ్ళి జయపాల్ పక్కన కూర్చున్నాను. ఏడుపొస్తోంది. ఏడిస్తే పసుపు టీషర్టులన్నీ నా చుట్టూ చేరి, పాటలో చెప్పినట్టే తుడుస్తాయేమోనని భయం.

"అంకుల్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని?"

"ఈ మొహమే పెట్టుకుని. బానే ఉంది కదా."

చేశాను. ఈసారి ఆయనే ఎత్తారు.

"అంకుల్, వందనాలు. పాట పడిపోయింది."

ఆయన ఏదైనా అనేలోపే మళ్ళీ అందుకున్నాను.

"మిమ్మల్ని మంచి చేసుకోడానికి చెయ్యలేదు అంకుల్. నిజంగానే పడిపోయింది. పిల్లలు కూడా పడిపోయారు, నేల మీద ఉన్నారు."

"'లేపనా' దగ్గర కదూ" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"పావుగంటలో వస్తాను. పిల్లల్ని పంపకండి."

పన్నెండు నిమిషాల్లో వచ్చారు. మోకాలు ఏ మాత్రం నొప్పున్నట్టు లేదు. ఎవరినీ పలకరించకుండా నేరుగా పిల్లల మధ్యకి వెళ్ళి నిలబడి, "మీతో పాటు నేను చేస్తాను" అన్నారు. పాడుతూ ఆయన కూడా నేలదాకా వంగారు. అందరితోపాటు ఆయన గొంతు కూడా పోయింది. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన లేవడానికి హర్షిత్ భుజం పట్టుకోవాల్సొచ్చింది.

"చూశారా? పాట కొండెక్కుతోంది, మనం గోతిలో దిగుతున్నాం. అక్కడే పొట్ట నొక్కుకుపోతోంది. నొక్కుకున్న పొట్టలోంచి పాట వస్తుందా?"

"రాదూ!"

"పాట పైకెళ్ళే చోట మనం కూడా పైకే లేవాలి." పిల్లల్ని జంటలు చేశారు. పదిహేడు మందిని నేల మీద కూర్చోబెట్టారు. "మీరు పడ్డవాళ్ళు. పడ్డవాళ్ళు పాడరు, నోరు మూసుకుని ఉండాలి. నిలబడ్డవాళ్ళు మాత్రమే పాడతారు. 'లేపనా' దగ్గర చెయ్యిచ్చి లేపండి. లేచినవాడు లేస్తూనే గొంతు కలపాలి. తెలిసిందా?" నా వైపు తిరిగారు. "'నేనొంగి' వద్దమ్మా. 'చెయ్యిచ్చి' అని పెట్టుకోవచ్చా?"

పెట్టుకోవచ్చా అని నన్నడిగారు! తలూపాను. గట్టిగానే ఊపాను.

*ఎవరో కింద పడ్డారు, చెయ్యిచ్చి లేపనా?*

పదిహేడు గొంతులు పాడుతున్నాయి. పైస్థాయి దగ్గర పదిహేడు చేతులు లాగాయి, పదిహేడు మంది లేచారు, గొంతులు ముప్పై నాలుగయ్యాయి. హాలు పైకప్పు కొంచెం లేచినట్టే అనిపించింది. ఉమ ఆంటీ కీబోర్డు వాయించడం మానేసింది. పిల్లలు మానలేదు.

తర్వాత జ్యూసు బల్ల దగ్గర అంకుల్ ఒక డబ్బా తీసుకుని స్ట్రా కవరు విప్పుతూ కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు కార్లోనే పట్టుకున్నానమ్మా" అన్నారు, కవరు మీంచి చూపు తిప్పకుండా. "వంగే చోట పైస్థాయి పెట్టావని."

"మరి చెప్పలేదేం అంకుల్?"

"చెప్పబుద్ధి కాలేదు. పడనీ అనుకున్నాను. నీ పాట అనుకున్నాను గానీ, ఈ పిల్లలందరిదీ అనుకోలేదు."

స్ట్రా కవరు చిరగడం లేదు. ఆయన చేతిలోంచి తీసుకుని విప్పి ఇచ్చాను.

"నేనూ మొదటి రోజు మీకు చెప్పకుండా రెండు ప్లేట్ల పకోడీలు తిన్నాను కదా అంకుల్."

"మూడు" అన్నారు. "లెక్క చూడకూడదు గానీ, మూడు."

అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాను. జయపాల్ ఎందుకో తెలియకుండానే వచ్చి నవ్వాడు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పమంటే నాకు వరసగా గుర్తు లేదు. రోజూ పొద్దున్నే అంకుల్ వచ్చేవారు. చిన్నపిల్లల గ్రూపులో కూర్చుని ఒక్కొక్కళ్ళ చేత పాడించి, ఎవరెక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూసేవారు. మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. మాకు ఉన్నవి రెండు కుర్చీలు. బుధవారానికి జయపాల్ వెళ్ళి ఇంకో రెండు తెచ్చాడు. నాలుగో కుర్చీ ఎవరికి అని అడిగితే, ఇంట్లో ఒక కుర్చీ ఎక్కువుండాలి అన్నాడు. గురువారం నేను గోంగూర పప్పు చేస్తే అంకుల్ "ఊఁఊఁ" అన్నారు. చెప్పానుగా, ఆ రెండో ఊఁ కోసం నేనేమైనా చేస్తాను.

శుక్రవారం పెద్దవాళ్ళందరి ముందు ప్రోగ్రాం. భవిత వాళ్ళ నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి మొదటి వరసలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద నా పేరు పడింది. దాని కింద అంకుల్ పేరు కూడా వేయించాను. ఆయన ముందే చూసి, "నేనిచ్చింది ఒక్క మాట, తీయించు" అన్నారు. తీయించలేదు.

చరణం వచ్చింది. పదిహేడు మంది బుద్ధిగా పడిపోయారు. భవిత హర్షిత్‌ని ఎంత గట్టిగా లాగిందంటే వాడు నేలని వదిలేసి గాల్లోంచి గొంతు కలిపాడు. జనం అంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు, మళ్ళీ పాడమన్నారు. రెండోసారి పాడేటప్పుడు వెనక వరసల్లో అమ్మలూ నాన్నలూ కూడా అందుకున్నారు. పుస్తకం అక్కర్లేదు, తెర చూడక్కర్లేదు. అంకుల్ మూడో వరసలో గోడ పక్కన కూర్చుని పెదాలు కదుపుతున్నారు. నేను ఆయన్నే చూస్తున్నాను. 'నువ్విట్లాగే చేశావుగా' దగ్గర ఆయన పాడడం ఆపి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తున్నాం. ఉమ ఆంటీ అంకుల్ దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"అంకుల్, మీకు ముందే నేను చెప్పుండాల్సింది. సారీ. నెక్స్ట్ ఇయర్ పాట మీరే రాయాలి, ప్లీజ్."

"నేనా? నేను రాస్తే మళ్ళీ ఇస్త్రీ బట్టలు కట్టిస్తానమ్మా పిల్లలకి."

"అయితే ఇద్దరూ రాయండి."

 అంకుల్ ఇంకో నాలుగు కుర్చీలు మడిచారు. అయిదోది మడవబోయి దాని మీద కూర్చున్నారు.

"హంసికా, మీ ఇంటి దగ్గర పార్కులో ఉయ్యాలలు ఎన్ని?"

"ఆరనుకుంటా అంకుల్."

"పిల్లలు ఏ పూట వస్తారు?"

"శనివారం అయితే పొద్దున్నే. ఎందుకు?"

"ఉయ్యాల మీద ఊగేవాడు ముందుకొచ్చేటప్పుడు ఒకలాగా, వెనక్కి వెళ్ళేటప్పుడు ఒకలాగా పాడతాడు. నలభై ఏళ్ళు రాశాను గానీ ఎప్పుడూ అక్కడ కూర్చుని రాయలేదు."

జయపాల్ చేతిలో కుర్చీ దించాడు. "నన్ను కూడా రానిస్తారా అంకుల్?"

"నువ్వు లేకపోతే ఉయ్యాలలు ఎవరు ఊపుతారు? రేపు పొద్దున్న తొమ్మిదికి ముగ్గురం అక్కడుండాలి." ఆయన లేచి, కూర్చున్న కుర్చీని మడిచి గోడకి ఆనించారు. "మొదటి లైను నువ్వు రాయి తల్లీ, రెండోది నేను రాస్తాను. మూడోది ఎవరైనా ఊగే పిల్లనడుగుదాం."